గొట్టం నిండా

మే 28

ఈ పుస్తకం డాక్టరమ్మ ఇచ్చింది. పశువుల ఆసుపత్రికి నాలుగు నెలల కిందట వచ్చింది. చిన్నపిల్ల. జీవాల కడుపులో పురుగులకు నట్టల మందు పోసినప్పుడల్లా తేదీ, జీవం, బరువు, మోతాదు రాసి పెట్టమంది. పేజీ పేజీకీ స్కేలుతో గడులు గీసి ఇచ్చింది. చివరి గడి పైన "రిమార్కులు" అని ఉంది. అన్ని గడులకన్నా అదే పెద్దది. అందుకని అక్కడ రాయడం మొదలుపెట్టాను. అది చాలక మిగతా గడుల్లోకి కూడా వచ్చేశాను.

నాకు మాట్లాడటం రాదు. ఐదో తరగతి దాకా చదివాను కాబట్టి రాయడం వచ్చు. రాసేటప్పుడు ఎదుటివాడు మొహంలోకి చూస్తూ కూర్చోడు. అది సుఖం.

ఊరి జీవాలకు ఎల్లుండి మందు పొయ్యాలి. ముప్పై నాలుగేళ్ళుగా నేనే పోస్తున్నాను.

మే 29

గొట్టం తీశాను. వెదురు గొట్టం. ఒక గొర్రెకు ఒక గొట్టం, ఆవుకు ఆరు. మామగారు కోసి చేసుకున్నది. పోయేముందు కన్నకొడుకుని కాదని నా చేతిలో పెట్టాడు. కొడుక్కి ఇస్తే జీవాలకు మందుకన్నా ఉపన్యాసం ఎక్కువ తాగిస్తాడని ఆయన భయం. ఆ కొడుకే మా బావమరిది. ఊళ్ళో అందరూ మైకు అంటారు. ఆ మాట అంటే వాడికి కోపం రాదు, ఇంకా గట్టిగా మాట్లాడతాడు.

కిందటిసారి గొర్రెలు గొట్టం మూతి నమిలాయి. పేళ్ళు లేచాయి. నోట్లో గుచ్చుకుంటాయని కత్తితో ఆ అంచు చెక్కేసి, గాజుపెంకుతో నున్నగా గీశాను. ప్రతిసారీ చేసే పనే. ఇన్నేళ్ళలో నా చేతి కింద ఒక్క జీవానికి నోరు తెగలేదు.

గొట్టం సంచి వదులైంది. గొట్టం నాకొచ్చిన ఏడాది మా ఆవిడ కుట్టింది. అప్పట్లో మూతి రెండు వేళ్ళు బయటికి కనబడేది. ఇప్పుడు లోపలికి మునిగిపోయింది. గుడ్డ సాగిందన్నాను. గుడ్డ సాగితే అడ్డంగా సాగుతుంది కానీ నిలువుగా ఎందుకు సాగుతుంది అంది. ఆవిడ దగ్గర ప్రతిదానికీ ఒక ప్రశ్న ఉంటుంది.

మే 30

గొర్రెలు రెండు వందల పన్నెండు. ఆవులు పద్దెనిమిది. నడుము లేదు. ఉందేమో, నాకు తెలియడం లేదు.

గొర్రెను రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకోవాలి. తల పైకెత్తకూడదు, నేలకు సమంగా ఉంచాలి. నోటి పక్క సందులోంచి గొట్టం పోనిచ్చి, నాలుక మీదుగా వెనక్కి వంచి, మింగేదాకా ఆగాలి. తొందరపడితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ తర్వాత నట్టలతో పని లేదు, గొర్రె పనే అయిపోతుంది. ఇవాళ ఒక్కటి కూడా దగ్గలేదు.

గొర్రెల సొసైటీ ప్రెసిడెంటు ఆవు ఆరో గొట్టం దాకా బుద్ధిగా నిలబడి, చివరికి తుమ్మింది. ఎదురుగా మైకు నిలబడి ఆవును ఎలా పట్టుకోవాలో నాకు నేర్పిస్తున్నాడు. తెల్లచొక్కా. మందు కొంత, చీమిడి కొంత. ఆవుకు ఇంకో గొట్టం పోశాను. చొక్కాకు ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు.

డాక్టరమ్మ మధ్యాహ్నం వచ్చి చాలాసేపు చూసింది. చెయ్యి చాలా మంచిది తాతా అంది. తర్వాత, "ఈ గొట్టంలో ఎంత పడుతుంది?" అని అడిగింది.

"నిండా" అన్నాను.

నవ్వింది. ఎందుకు నవ్విందో ఇంటికొచ్చాక తెలిసింది.

జూన్ 11

మందు పనిచేసిందో లేదో చూడటానికి డాక్టరమ్మకు పది గొర్రెల పెంటికలు కావాలట. నేల మీద ఎండినవి పనికిరావు, అప్పుడే పడ్డవి కావాలి. పొద్దున్నుంచి డబ్బా పట్టుకుని గొర్రెల వెనక తిరిగాను. రోజూ మనం పట్టించుకోనంత సేపూ వేస్తాయి. కావాలని వెనక నిలబడితే మొహమాటపడతాయి.

మధ్యాహ్నానికి పదీ దొరికాయి. ఆసుపత్రి సాయంత్రం దాకా తెరవరు. చల్లగా ఉంచమంది కదా అని ఫ్రిజ్‌లో పెట్టాను. డబ్బా మా ఆవిడది. పోపుల డబ్బా కాదు, దాని పక్కది.

మైకు వచ్చాడు. వచ్చినవాడు ఎప్పటిలాగే అక్క ఫ్రిజ్ తెరిచాడు. డబ్బా మూత తీశాడు. ఎండుద్రాక్ష అనుకున్నాడట. నేను చెప్పాలనుకున్నాను. నాకు మాట గొంతుదాకా రావడానికి టైం పడుతుంది. అది వచ్చేసరికి వాడు ఒకటి నోట్లో వేసుకున్నాడు.

టైం కొంచెం నేనే ఎక్కువ తీసుకున్నానేమో.

సాయంత్రం దాకా మైకు మోగలేదు. ఇంటికి ప్రశాంతత వచ్చింది. మా ఆవిడ మాత్రం నాతో మాట్లాడటం లేదు. తమ్ముడి గురించి కాదు, డబ్బా గురించి.

జూన్ 13

పరీక్ష ఫలితం వచ్చింది. పెంటికల్లో నట్టల గుడ్లు మందు పోయకముందు ఆమె చేసిన పరీక్షలో ఎన్ని ఉన్నాయో ఇంచుమించు అన్నే ఉన్నాయి. డాక్టరమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తిప్పినా తగ్గలేదు.

మందులో ఏదో ఉంది. ఈ కొత్త సీసాల మూతలు తిప్పడం కూడా కష్టం.

జూన్ 15

బావమరిది గొర్రెలు రెండు పోయాయి. ప్రెసిడెంటువి మూడు. దవడ కింద నీళ్ళసంచిలా వాచి, నాలుగు రోజులు మేత మానేసి పోయాయి.

వాన.

జూన్ 16

డాక్టరమ్మ ప్లాస్టిక్ కప్పు ఇచ్చింది. పక్కన నల్లగీత ఉంది. ఎదిగిన గొర్రెకు ఆ గీత దాకా మందు పడాలి. గొట్టంతో నీళ్ళు ముంచి ఈ కప్పులో పోసి చూడు తాతా, గీత దాకా వస్తే తప్పు మందుది, రాకపోతే మోతాదుది అంది. మోతాదు తక్కువైతే బలహీనమైన నట్టలు చచ్చి గట్టివి మిగులుతాయట. వాటికి పుట్టేవి ఇంకా గట్టివట. కొన్నాళ్ళకు మందు వాటికి మంచినీళ్ళతో సమానమట.

కొలుస్తానన్నాను.

జూన్ 17

కొలవలేదు. దొడ్డి శుభ్రం చేసే పని పడింది.

జూన్ 18

కొలవలేదు. వాన.

జూన్ 19

కొలిచాను.

జూన్ 20

కప్పు తప్పై ఉంటుంది. ప్లాస్టిక్ ఎండకు సాగుతుంది.

నీళ్ళు సగానికి కొంచెం పైన ఆగాయి. మళ్ళీ పోశాను. ఐదుసార్లు పోశాను. ఎండ లేదు, మబ్బు పట్టి ఉంది. మబ్బుకు కూడా సాగుతుందేమో.

గొట్టానికి ఏమీ కాలేదు. బాగానే ఉంది. మూతి నున్నగా ఉంది.

జూన్ 21

మైకు కాగితం పట్టుకుని వచ్చాడు. డాక్టరమ్మ మీద పైకి అర్జీ. మందులో నీళ్ళు కలిపిందని, అసలు మందు ఎక్కడికో పోతోందని, ఆమెను ఇక్కడినుంచి తీసెయ్యాలని. రెండు పేజీలు. వాడు రాసినా మాట్లాడినట్టే ఉంటుంది, ఊపిరి తీసుకునే చోటు ఉండదు.

మొదటి సంతకం నాది కావాలన్నాడు. మందు పోసేవాడు నేను, నా సంతకం కింద చూస్తే మిగతావాళ్ళు చదవకుండానే పెడతారట.

"బావా, నువ్వు మాట్లాడక్కర్లేదు. మాట్లాడటానికి నేనున్నాను. నువ్వు సంతకం పెట్టు చాలు."

ముప్పై నాలుగేళ్ళలో వాడు నా గొట్టం గురించి మంచిమాట అనడం ఇదే మొదటిసారి. మా నాన్న గొట్టం లెక్క తప్పదు బావా అన్నాడు. మామగారు తనకివ్వలేదన్న బాధ ఇన్నేళ్ళూ వాడి గొంతులో ఇరుక్కుని ఉంది. ఇవాళ అది కూడా మింగాడు.

పెట్టాను. అక్షరాలు బాగా వచ్చాయి.

జూన్ 22

ఆమె చిన్నది. ఎక్కడికి పోయినా ఉద్యోగం ఉంటుంది. ఇంకా మంచి ఊరు కూడా రావచ్చు. ఇక్కడ ఆసుపత్రి పైకప్పు కారుతోంది, ఆమే చెప్పింది. ఒకరకంగా మేలే.

నాకు గొట్టం తప్ప ఏముంది? ఏడాదికి మూడుసార్లు మందు పోసే రోజు ఊరంతా నా చుట్టూ ఉంటుంది. మిగతా రోజుల్లో నేను గుంజలాంటివాణ్ణి. గుంజకైనా ఆవును కడతారు.

కప్పు గూట్లో పెట్టాను. బోర్లించి.

జూన్ 24

డాక్టరమ్మ ఇంటికి వచ్చింది. మా ఆవిడ పిలిచిందట, ఒంటిచెవి బాగాలేదని.

ఒంటిచెవి మా మందలో ముసలిది. చిన్నప్పుడు కుక్క ఒక చెవి తీసుకుపోయింది. దానికి గడ్డికన్నా తీగమీది బట్టలంటే ఇష్టం. నా లుంగీలు నాలుగు తిన్నది. మా ఆవిడ దాన్ని ఒక్క మాట అనదు, లుంగీ అక్కడ ఆరేసినందుకు నన్నంటుంది.

డాక్టరమ్మ దాని కింది రెప్ప లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాలి. గోడకు వేసే సున్నంలా ఉంది. రక్తం లేదు, నట్టలు తాగేశాయి అంది. సూది వేసింది. ఆలస్యమైంది, చూద్దాం అంది.

వెళ్ళేముందు చెప్పింది, ముప్పయ్యో తారీకు పై ఆఫీసరు విచారణకు వస్తున్నాడట. మందు అమ్ముకుందని తేలితే బదిలీ కాదట, ఉద్యోగమే ఉండదట.

"మీరు కూడా సంతకం పెట్టారట కదా తాతా."

నేను ఒంటిచెవి వైపు చూశాను. అది నా లుంగీ అంచు వైపు చూసింది కానీ నమిలే ఓపిక లేదు.

"గొట్టం కొలిచారా?"

"ఇంకా లేదమ్మా."

ఈ రెండు మాటలకు మాత్రం నాకు టైం పట్టలేదు.

జూన్ 26

ఒంటిచెవి పోయింది.

డాక్టరమ్మ కోసి చూపించింది. నాలుగో పొట్టలో ఉన్నాయి. ఎర్రదారం, తెల్లదారం కలిపి పేనినట్టు సన్నగా, గుప్పెళ్ళు గుప్పెళ్ళు. బయటికి తీసినా కదులుతున్నాయి. మంచి ఆరోగ్యంగా ఉన్నాయి. నా మందలో ఒళ్ళు చేసినవి అవే.

మా ఆవిడ చూసి లోపలికి పోయింది. గొట్టం, సంచి తెచ్చింది. గొట్టాన్ని సంచిలో పడేసింది. మూతి దగ్గర తన రెండు వేళ్ళు అడ్డం పెట్టింది.

"ఇంత బయటికి ఉండేలా కుట్టాను. నా కుట్టు సాగలేదు."

అంతే అంది. గూట్లో కప్పు బోర్లించి ఉండటం కూడా చూసినట్టుంది. బోర్లించిన కప్పు అంటే వాడి కడిగిన కప్పని ఆవిడకు తెలియదా.

జూన్ 27

ఏడాదికి మూడుసార్లు. ప్రతిసారీ పేళ్ళు చెక్కేశాను. గోరు మందం కూడా ఉండదు. ముప్పై నాలుగేళ్ళు.

నోళ్ళు తెగకూడదనే చెక్కాను.

జూన్ 28

ఆవు ముందు చెప్పి చూశాను. "తప్పు గొట్టానిది. అంటే నాది." మొదటిసారి గొంతు రాలేదు. రెండోసారి వచ్చింది. ఆవు తోకెత్తి పేడ వేసింది. నావైపు తిరిగి చూడలేదు కూడా. మనుషులు ఇంతకన్నా మర్యాదగా ఉంటారని నమ్మకం లేదు.

జూన్ 29

రేపు.

గూట్లో బోర్లించిన కప్పును తిప్పి నిలబెట్టాను.

జూన్ 30

ఎక్కడినుంచి రాయాలి.

సొసైటీ షెడ్డులో పెట్టారు. ఆఫీసరు బల్ల వెనక కూర్చున్నాడు. ముక్కుకు రుమాలు. గొర్రెల శాఖలో ఇంతకాలం పనిచేసిన మనిషికి గొర్రెలు వాసన వస్తాయని ఇవాళే తెలిసినట్టుంది. పక్కన ప్రెసిడెంటు. ఆయన ఎప్పుడూ కళ్ళు మూసుకునే వింటాడు, నిద్రో ఆలోచనో ఇంతవరకు తేలలేదు. డాక్టరమ్మ ఒక పక్కగా ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుంది. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. ఆమె కదిలినప్పుడల్లా టక్కుమంటోంది. అందుకని కదలకుండా కూర్చుంది.

మైకు అరగంట మాట్లాడాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ మాట్లాడాడు. చివరికి నా ఒళ్ళోంచి సంచి లాక్కుని, గొట్టం తీసి పైకెత్తాడు.

"ఇది మా నాన్న కోసిన గొట్టం సార్. దీంతో మా బావ ముప్పై నాలుగేళ్ళు పోశాడు. ఒక్క జీవం దగ్గలేదు. తప్పు ఈ గొట్టానిదా, ఐదు నెలల కిందట వచ్చిన డాక్టరమ్మ మందుదా, మీరే చెప్పండి."

అందరూ తలలూపారు. ప్రెసిడెంటు తల కూడా ఊగింది, కానీ అది నిద్రకు కావచ్చు.

ఆఫీసరు డాక్టరమ్మను అడిగాడు. ఆమె నన్నేమీ అనలేదు. మోతాదు కొలిస్తే గానీ మందుదో కాదో తెలియదు సార్, గొట్టం కొలవమని తాతగారికి కప్పు ఇచ్చాను, వానల్లో ఆయనకు కుదరలేదట అంది. కుదరలేదట. నా అబద్ధానికి ఆమే గొడుగు పట్టింది.

లేచాను. మాట నాలుక మీదుగా వెనక్కి పోయి గొంతులో పడింది. దగ్గొచ్చింది. ఊపిరితిత్తుల్లోకి పోయినట్టుంది. తల నేలకు సమంగా పెట్టుకుని కాసేపు నిలబడ్డాను.

చెప్పడం కుదిరేలా లేదు. మైకు చేతిలోంచి గొట్టం తీసుకున్నాను. షెడ్డు మూల తాగేనీళ్ళ కుండ ఉంది. గొట్టం నిండా ముంచాను. జేబులో కప్పు ఉంది, పొద్దున్నే పెట్టుకున్నాను. అందులో పోశాను. ఆఫీసరు బల్ల మీద పెట్టాను.

తాగమన్నాననుకున్నాడు. దాహం లేదన్నాడు.

"గీత దాకా రావాలండి. రాలేదు" అన్నాను.

షెడ్డులో కొంతమందికి నా గొంతు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

మైకు ముందుకొచ్చాడు. చెయ్యి వణికింది, ఒలికింది బావా, మళ్ళీ పొయ్యి అన్నాడు. మళ్ళీ పోశాను. అంతే వచ్చింది. ఇటివ్వు అని గొట్టం లాక్కుని తనే ముంచాడు. ఒక్క చుక్క కింద పడకుండా పోశాడు. వాడి చేతులు గట్టివి. అంతే వచ్చింది. గొట్టాన్ని మొహం దగ్గర పెట్టుకుని చూశాడు. తిరగేసి చూశాడు.

"మా నాన్న గొట్టం ఇంత పొట్టిగా ఉండేది కాదు" అన్నాడు. మొదటిసారి మామూలు మనిషి గొంతుతో.

"నేనే చెక్కాను. ప్రతిసారీ కొంచెం. గొర్రెలు నమిలితే పేళ్ళు లేస్తాయి. నోట్లో గుచ్చుకోకుండా."

ప్రెసిడెంటు కళ్ళు తెరిచాడు. అది నిద్ర కాదు, ఆలోచనే.

"నీకెప్పుడు తెలిసింది?"

"పంతొమ్మిదో తారీకు."

"అర్జీ మీద సంతకం?"

"ఇరవై ఒకటి."

ప్రెసిడెంటు గొర్రెలు మూడు. మైకువి రెండు. మిగతావాళ్ళు తమ తమ లెక్క వేసుకుంటున్నట్టు ఉన్నారు. కిందటేడువి, అంతకుముందువి కూడా. డాక్టరమ్మ కదిలింది. కుర్చీ టక్కుమంది.

"నిండా అన్నారు కదా తాతా" అంది.

"అన్నానమ్మా."

వెనక వరసలోంచి ఎవరో, "అయితే ఇన్నేళ్ళూ నట్టలకు టానిక్ పోశాడన్నమాట" అన్నారు.

షెడ్డంతా నవ్వింది. ప్రెసిడెంటు కూడా. ఆఫీసరు రుమాలు ముక్కుమీదనుంచి నోటిమీదికి దింపుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఫైలు మూసి లేచి బయటికి వెళ్ళిపోయింది. నేనూ నవ్వాలేమో అనుకున్నాను. మొహం ఎలా పెట్టానో తెలియదు.

అర్జీ అడిగి తీసుకుని నా పేరు కొట్టేశాను. మైకు కలం లాక్కుని తన పేరు కొట్టేశాడు. చదవకుండా సంతకాలు పెట్టినవాళ్ళు వరసగా వచ్చి చదవకుండా కొట్టేశారు.

జూలై 2

రెండు రోజులుగా ఊళ్ళో నన్నెవరూ పలకరించలేదు. నేనూ ఎవరినీ పలకరించను కాబట్టి తేడా తెలియలేదు.

తెలిసింది.

జూలై 4

నాకు కొత్త పేరు పెట్టారు. టానిక్ తాత.

మా ఆవిడకు మైకు చెప్పాడు. ఆవిడ నా మొహం మీదే నవ్వింది. ఒంటిచెవి పోయాక నవ్వడం ఇదే. నవ్వి, తీగమీద ఆరేసిన నా లుంగీ తెచ్చి మడతపెట్టింది. తినేవాళ్ళు లేరు కదా, అక్కడే ఉండనివ్వు అన్నాను. ఉండనివ్వలేదు.

జూలై 6

డాక్టరమ్మ కొత్త మందు తెప్పించింది. పాత మందు మా ఊరి నట్టలకు అలవాటైపోయిందట, ఇంకో రకం వాడి చూడాలట. పొయ్యడానికి పిస్తోలు లాంటి ఒక పరికరం. గీత దగ్గర తిప్పి పెడితే నొక్కినప్పుడల్లా అంతే పడుతుంది. నమలడానికి వెదురు లేదు, మూతి ఇనుము. కాటా కూడా తెచ్చింది, వేలాడదీసేది. ఇకనుంచి బరువు చూసే మోతాదు.

నేను వెళ్ళలేదు. ఇంట్లో చాలా పని ఉంది. గుంజకు ఆనుకుని కూర్చున్నాను.

పది గంటలకు మైకు వచ్చాడు. చొక్కా నిండా మందు. ఈసారి ఆవు తుమ్మలేదట, వాడే తప్పు నొక్కాడట. తల పైకెత్తి పోస్తుంటే రెండు గొర్రెలు దగ్గాయట. డాక్టరమ్మ వాడి చేతిలోంచి పరికరం లాక్కుందట.

"లే బావా. నువ్వు అబద్ధాలకోరువే గానీ నీ చెయ్యి మంచిది. రమ్మంటోంది."

"ఎవరు?"

"ఇంకెవరు, ఎవరి ఉద్యోగం తీయించబోయావో ఆవిడే."

నువ్వు కూడా కదా అందామనుకున్నాను. మాట వచ్చేసరికి వాడు వీధిలో ఉన్నాడు.

డాక్టరమ్మ నాతో పొడిపొడిగా మాట్లాడింది. ఈ మీట నొక్కండి, ఇక్కడ గీత చూడండి అంది. తాతా అనలేదు. అండీ అంది. అది నాకు పడాల్సిన మోతాదే. మింగేదాకా ఆగాను.

మైకు పోసిన ఆ రెండూ పోను రెండు వందల నాలుగు గొర్రెలు. ఒక్కటి దగ్గలేదు. మైకు తన పొట్టేలు అరవై కిలోలని పదేళ్ళుగా ఊరంతా చెప్పుకుంటున్నాడు. కాటా మీద నలభై రెండు వచ్చింది. కాటా సాగిందన్నాడు. నేను వాడి వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు.

జూలై 7

మా ఆవిడ గొట్టం తీసుకుంది. బట్టలసబ్బు పొడి కొలవడానికి సరిగ్గా సరిపోతుందట. ఒక బకెట్టుకు ఒక గొట్టం. మామగారు చూస్తే ఏమనేవాడో. ఆయనకు మాసిన బట్టలంటే లక్ష్యం లేదు, ఏమీ అనేవాడు కాదు.

సంచి అడుగున రెండు వేళ్ళ మేర కత్తిరించి మళ్ళీ కుట్టింది. ఇంకా ఎందుకు అంటే, వేలాడుతుంటే చూడలేకపోతున్నానంది.

జూలై 19

మళ్ళీ పది గొర్రెల వెనక తిరిగాను. డబ్బా మీద "పెంటికలు" అని పెద్ద అక్షరాలతో రాశాను. మైకు వచ్చి ఫ్రిజ్ తెరిచి, చదివి, మూసేశాడు. చదువు ఎక్కడికీ పోదు.

జూలై 21

పరీక్ష వచ్చింది. నట్టల గుడ్లు బాగా తగ్గాయి. మొత్తం పోలేదు. పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు పెంచినవి కదా, ఒక్కసారికి పోతాయా అంది డాక్టరమ్మ. పెంచింది ఎవరో చెప్పలేదు. గడ్డి కూడా ఒక చోట మేపి ఒక చోట వదిలెయ్యాలట. మూడు నెలల తర్వాత మళ్ళీ చూడాలట. చూడటానికి తనే ఉంటుందట. విచారణ ఫైలు మూసేశారు.

వెళ్ళబోతూ పుస్తకం అడిగింది. రికార్డు కావాలట.

వానలో తడిసిందన్నాను. నా మొహంలోకి చూసింది. లేదమ్మా, తడవలేదు, అందులో వేరేవి రాశాను అన్నాను. ఈసారి రెండో మాట త్వరగానే వచ్చింది.

"పాడు చేశారా తాతా?"

"గడుల్లోంచి బయటికి పోయాను."

ఇంకో పుస్తకం ఇచ్చింది. ఇందులో గడులు చిన్నవి. రిమార్కుల గడి మరీ చిన్నది, కావాలనే గీసినట్టుంది.

తాతా అంది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

జూలై 22

మందు పోసిన తేదీలు, బరువులు అన్నీ కొత్త పుస్తకంలోకి ఎక్కించాను. ఈ పాతది బీరువా కిందికి పోతుంది.

కొత్త పుస్తకం మొదటి పేజీలో ఒక ప్రశ్న రాసి ఉంది. ఇంతకుముందు వాడిన మోతాదు ఎంత.

నిండా అని రాశాను.

కొట్టేసి, సగం అని రాశాను.